మూడో పిరియడ్‌కే పిల్లలు కునికిపాట్లు పడుతున్నారు: తరగతి గదిలోని గాలే కారణమా?

ప్రశ్న
రాసినవారు: జీవశాస్త్రం టీచర్, హనుమకొండ జిల్లా

అందరికీ నమస్కారం. హనుమకొండ జిల్లాలో పెద్ద రోడ్డు పక్కన ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతున్నాను. మా బడిలో మొత్తం 218 మంది పిల్లలు ఉన్నారు. వారిలో తొమ్మిదో తరగతి ఏ సెక్షన్ పిల్లలు 46 మంది ఒకే గదిలో కూర్చుంటారు. ఆ గది పొడవు ఏడు మీటర్లు, వెడల్పు ఆరు మీటర్లు, స్లాబు ఎత్తు సుమారు పదకొండు అడుగులు.

దీపావళి దాటి చలి మొదలైనప్పటి నుంచి ఒక విషయం నన్ను కలవరపెడుతోంది. ప్రార్థన ముగించుకొని లోపలికి వచ్చినప్పుడు హుషారుగా ఉండే పిల్లలే మూడో పిరియడ్ వచ్చేసరికి వరుసగా ఆవలిస్తున్నారు, బల్ల మీద తల వాలుస్తున్నారు, తలనొప్పి అని చెప్పి నీళ్ల కుళాయి దగ్గరకు వెళ్తామని అడుగుతున్నారు. మొదట్లో నేను కూడా వాళ్లు రాత్రి ఫోను చూస్తూ మేల్కొంటున్నారని అనుకొని కోప్పడ్డాను. కానీ ఒక రోజు బయట నుంచి ఆ గదిలోకి అడుగుపెట్టగానే నాకే ఊపిరి బరువెక్కినట్లు, ముక్కిన వాసన కొట్టినట్లు అనిపించింది.

ఆ గదికి కిటికీలు లేక కాదు. రోడ్డు వైపు రెండు, వరండా వైపు రెండు ఉన్నాయి. అయితే రోడ్డు వైపువి తెరిస్తే ఇసుక లారీల దుమ్ము వస్తుంది, పైగా కోతులు ఊచల సందులోంచి చేతులు పెట్టి సంచులు లాగుతాయి. వరండా వైపువి తెరిస్తే పిల్లల చూపు బయటికి పోతుందని కొందరు సార్లు మూయిస్తారు. ఉదయం చలి సరేసరి. ఏతావాతా నాలుగు కిటికీలూ మూసి, తలుపు ఓరగా వేసి, తల మీద రెండు ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పుకుంటూ పాఠాలు నడుస్తున్నాయి.

హైదరాబాదులో ఉంటున్న మా తమ్ముడి దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చిన్న పరికరం ఉంటే అడిగి తెచ్చుకున్నాను. పిల్లలు రాకముందు గదిలో 450 పీపీఎం (అంటే గాలిలోని పది లక్షల భాగాల్లో 450 భాగాలు) చూపింది. మొదటి పిరియడ్ చివర 1,500 దాటింది, మూడో పిరియడ్ మధ్యలో 2,400 దగ్గర నిలిచింది. ఇంటర్వెల్‌లో అందరూ బయటికి వెళ్లినా, కిటికీలు మూసే ఉన్నందువల్ల, పదిహేను నిమిషాల్లో 1,700 వరకే దిగింది.

ఈ అంకెలను నమ్మవచ్చునా? ఈ స్థాయి గాలి పిల్లలకు నిజంగా హాని చేస్తుందా, లేక కొద్దిగా ఇబ్బంది పెట్టి ఊరుకుంటుందా? మా ప్రధానోపాధ్యాయులు మంచివారే, చెబితే వింటారు. కానీ "కిటికీలు తెరిస్తే దుమ్ము పీలుస్తారు, మూస్తే వాళ్లు వదిలిన గాలే పీలుస్తారు, ఇందులో ఏది నయమో చెప్పండి మేడం" అని ఆయన అడిగితే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఈ విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు 1
రాసినవారు: విశ్రాంత ఇంజనీరు, వరంగల్

మేడం గారికి నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లాల్లో బడి భవనాలు కట్టించిన శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ప్రశ్న మేము గదులు కట్టే రోజుల్లోనే ఎవరైనా అడిగి ఉంటే చాలా బాగుండేదని మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

ముందు మీ అంకెల సంగతి. పరికరం పరారుణ కిరణాలతో కొలిచే రకమైతే నమ్మవచ్చు. కొన్ని చవక పరికరాలు గాలిలోని ఇతర వాయువులను చూసి కార్బన్ డయాక్సైడ్‌ను ఊహించి చూపిస్తాయి, అగరొత్తి వెలిగించినా, ఫినాయిల్‌తో తుడిచినా వాటి అంకె ఎగిరిపోతుంది. ఆరుబయట చెట్టు కింద పావుగంట ఉంచి చూడండి. బయటి గాలిలో ఇప్పుడు సుమారు 420 పీపీఎం ఉంటుంది కాబట్టి, దానికి దగ్గరగా చూపితే మీ పరికరం సరిగ్గానే ఉన్నట్లు.

లెక్క వేసినా మీ అంకె పొసుగుతోంది. ఆ వయసు పిల్లలు కూర్చొని చదువుకుంటున్నప్పుడు ఒక్కొక్కరు గంటకు సుమారు 15 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. 46 మంది కలిసి గంటకు 690 లీటర్లు. మీ గదిలో పట్టే గాలి దాదాపు 139 ఘనపు మీటర్లు, అంటే 1,39,000 లీటర్లు. ఆ గదిని గాలి చొరబడకుండా మూసేస్తే 45 నిమిషాల ఒక్క పిరియడ్‌లోనే 3,700 పీపీఎం పెరగాలి. మీకు 2,400 దగ్గర ఆగింది కాబట్టి తలుపు సందుల నుంచీ కిటికీ రెక్కల పగుళ్ల నుంచీ కొంత గాలి మారుతోంది, అది ఒక్కొక్కరికి సెకనుకు రెండు లీటర్ల లెక్కన పడుతుంది. ఇంజనీర్లు ఎక్కువగా పాటించే, అమెరికాలోని ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం ప్రమాణం తరగతి గదికి తలకు సెకనుకు 5 లీటర్లు, దానికి తోడు నేల చదరపు మీటరుకు 0.6 లీటరు అడుగుతుంది. ఆ లెక్కన మీ గదికి సెకనుకు 255 లీటర్ల కొత్త గాలి రావాలి, ఇప్పుడు వస్తున్నది వందకు లోపే.

ఈ కొలత కొత్తదేమీ కాదు. జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన పెటెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లోనే, మనుషులు కూర్చునే గదిలో కార్బన్ డయాక్సైడ్ 0.1 శాతం, అంటే 1,000 పీపీఎం దాటకూడదని చెప్పారు. ఆ వాయువే విషమని ఆయన అనలేదు. మనుషుల నుంచి వెలువడే మిగతావన్నీ ఎంత పేరుకున్నాయో తెలిపే గుర్తుగా దాన్ని వాడుకున్నారు. మీరు కూడా ఆ అంకెను అలాగే చూడండి.

ఫ్యాను గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చదువుకున్నవాళ్లలోనూ ఉంది. సీలింగ్ ఫ్యాను గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప బయటి నుంచి ఒక్క చెంబెడు గాలిని కూడా తేదు. చెమట ఆరుతుంది కాబట్టి హాయిగా అనిపిస్తుంది, పీల్చే గాలి మాత్రం అదే. గాలి మారాలంటే వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి. ఒకే వైపు నాలుగు కిటికీలు తెరవడం కంటే ఎదురెదురుగా ఒక్కొక్కటి తెరవడం ఎక్కువ పని చేస్తుంది. మన ప్రాంతంలో వానకాలంలో నైరుతి నుంచి, చలికాలంలో ఈశాన్యం వైపు నుంచి గాలి వీస్తుంది కాబట్టి మీ గదికి ఇప్పుడు ఏ వైపు కిటికీ లోపలి దారో, ఏది బయటి దారో చూసుకోండి. పిల్లలు లేని సమయంలో ఒక అగరొత్తి వెలిగించి కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ ఎటు లాగుతుందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక నేను చాలా బళ్లలో చూసి బాధపడిన విషయం వెంటిలేటర్లు. వేడెక్కిన గాలి పైకి చేరుతుంది, అది పోవడానికే లింటెల్ (కిటికీ మీద ఉండే అడ్డ దూలం) పైన చిన్న వెంటిలేటర్లు పెడతాము. తర్వాత పావురాలు వస్తున్నాయనో, జల్లు కొడుతోందనో వాటికి అట్ట అడ్డం పెడతారు, లేదా ఏకంగా సిమెంటు పూసేస్తారు. మీ గదిలో తలెత్తి చూడండి, ఉన్నట్లయితే వాటిని తెరిపించడమే అన్నింటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని. వెంటిలేటర్ తెరిచి ఉంటే చలికాలంలో కింది కిటికీలు సగమే తీసినా పిల్లల ఒంటికి గాలి తగలకుండా గది మారుతుంది.

మరమ్మతుల పేరుతో ఇప్పుడు పాత రెక్కల కిటికీలు తీసి అల్యూమినియం జరుపుడు కిటికీలు పెడుతున్నారు. చూడటానికి బాగుంటాయి, కానీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటాయి. జాతీయ భవన నియమావళి పొడి వేడి ప్రాంతాల్లో ఇళ్ల గదులకే నేల వైశాల్యంలో పదో వంతు తెరుచుకునే కిటికీలు ఉండాలంటుంది. మీ గదికి అది 4.2 చదరపు మీటర్లు. నాలుగడుగుల చదరపు కిటికీలు నాలుగు పూర్తిగా తెరిస్తే ఆరు చదరపు మీటర్లు దాకా వస్తుంది, జరుపుడు కిటికీలైతే మూడుకే ఆగిపోతుంది. మీ బడికి మరమ్మతు మంజూరైతే రెక్కల కిటికీలే ఉంచమని పట్టుబట్టండి.

కోతులు రాకుండా అంగుళం గళ్ల వెల్డ్‌మెష్ (ఇనుప తీగల జాలి) కొట్టించండి. సన్నని దోమల జాలి వద్దు. అది గాలిని బాగా తగ్గిస్తుంది, రోడ్డు దుమ్ము పట్టి నెలలో పూర్తిగా మూసుకుపోతుంది.


జవాబు 2
రాసినవారు: పిల్లల డాక్టర్, వరంగల్

ఇంజనీరు గారు చక్కగా చెప్పారు. ఆరోగ్యం వైపు నుంచి నాకు తెలిసినది రాస్తాను.

2,400 పీపీఎం దగ్గర కార్బన్ డయాక్సైడ్ పిల్లలను విషంలా దెబ్బతీయదు. కర్మాగారాల్లో ఎనిమిది గంటల పనికి అనుమతించే పరిమితే 5,000 పీపీఎం. కాబట్టి తల్లిదండ్రులను భయపెట్టేలా ఈ అంకెను వాడకండి. అయితే పరిమితి దాటలేదు గనుక పర్వాలేదని కూడా అనుకోకూడదు. కార్మికుడి ఆరోగ్యం దెబ్బతినకుండా ఉండటానికి పెట్టిన హద్దు వేరు, పిల్లవాడు లెక్క అర్థం చేసుకోవడానికి కావలసిన గాలి వేరు. బ్రిటన్‌లో బడుల మార్గదర్శకం సహజంగా గాలి మారే తరగతుల్లో రోజు సగటు 1,500 లోపే ఉండాలనీ, 2,000 దాటి వరుసగా ఇరవై నిమిషాలకు మించి ఉండకూడదనీ చెబుతుంది.

మెదడు మీద ప్రభావం గురించి పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు, ఆ సంగతి నిజాయితీగా చెప్పాలి. 2012లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల 22 మంది పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగంలో 2,500 పీపీఎం దగ్గర నిర్ణయాలు తీసుకునే శక్తి స్పష్టంగా తగ్గింది. 2017లో ప్రచురితమైన మరో ప్రయోగంలో స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్‌ను 3,000 పీపీఎం వరకు కలిపినా పెద్దగా తేడా రాలేదు. కానీ అదే 3,000 మనుషుల శ్వాస నుంచీ ఒంటి నుంచీ వెలువడిన వాటితో కలిసి వచ్చినప్పుడు తలనొప్పి, అలసట, నిద్రమత్తు పెరిగాయి. మీ తరగతిలో ఉన్నది ఈ రెండో రకం గాలి. డెన్మార్క్ బడుల్లో పదేళ్ల పిల్లల గదుల్లోకి వచ్చే బయటి గాలిని రెట్టింపు చేసినప్పుడు వాళ్లు లెక్కలూ భాష అభ్యాసాలూ చేసే వేగం సుమారు 8 శాతం పెరిగింది. కాలిఫోర్నియాలో 28 బడుల్లోని 162 తరగతి గదులను గమనించినప్పుడు తలకు సెకనుకు ఒక్క లీటరు గాలి పెరిగిన చోట జబ్బు కారణంగా బడి మానడం 1.6 శాతం తగ్గినట్లు తేలింది.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది అంటువ్యాధులు. మూసిన గదిలో ఒకరు వదిలిన గాలిని మరొకరు పీలుస్తారు, ఫ్లూ, తట్టు, అమ్మవారు, క్షయ ఇలాగే పాకుతాయి. తైవాన్‌లోని తైపీ నగరంలో ఒక విశ్వవిద్యాలయంలో క్షయ వ్యాపించినప్పుడు తరగతి గదుల్లో 3,200 పీపీఎం దాకా ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను గాలి ఏర్పాట్లు సరిచేసి 600కు దించారు, ఆ తర్వాత కొత్త కేసులు ఆగిపోయాయి. మీ తరగతిలో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తల్లిదండ్రులకు చెప్పి కఫం పరీక్షకు పంపండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం.

పిల్లికూతలు వచ్చే పిల్లలను మొదటి బెంచీలో కూర్చోబెట్టకండి, నల్లబల్ల దగ్గర చాక్‌పీస్ పొడి ఎక్కువగా ఉంటుంది. ఇన్‌హేలర్ ఉన్న పిల్లవాడు దాన్ని సంచిలో దాచుకోకుండా అవసరమైనప్పుడు అందరి ముందూ వాడుకునేలా మీరు ధైర్యం చెప్పాలి. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందని మా దగ్గరకు వచ్చే తల్లులు ఇప్పటికీ నమ్ముతున్నారు, ఆ భయంతో పిల్లలు ఆయాసపడుతూనే పరీక్షలు రాస్తున్నారు. బడి ఆవరణలో వయ్యారిభామ మొక్కలు ఉంటే పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకున్న పెద్దవాళ్లతో పీకించండి, పిల్లలతో వద్దు.

ఒక్క జాగ్రత్త. కునికిపాట్లన్నింటినీ గాలి మీదికే నెట్టవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆ వయసు అంచునే ఉన్నారు. ఏమీ తినకుండా బడికి వచ్చేవాళ్లూ ఉంటారు. రెండు మూడు రోజులు అదే మూడో పిరియడ్‌ను వేపచెట్టు కింద చెప్పి చూడండి. అక్కడ అందరూ తేరుకుంటే మీ గది కారణం, అక్కడ కూడా కొందరు తల వాలుస్తూనే ఉంటే వాళ్ల పేర్లు రాసుకొని రక్తపరీక్ష చేయించండి.


జవాబు 3
రాసినవారు: గణితం సార్, గోదావరిఖని

మీ ప్రధానోపాధ్యాయులు అడిగిన ప్రశ్నే మాకు ప్రతి రోజూ ఎదురవుతుంది, ఎందుకంటే మా బడికి కొద్ది దూరంలోనే బొగ్గు ఓపెన్ కాస్ట్ గని ఉంది, పగలంతా టిప్పర్లు నడుస్తాయి. కిటికీలు ఎల్లప్పుడూ తెరవాలని కానీ మూయాలని కానీ ఒక్క నియమం పెట్టుకుంటే మా దగ్గర పని జరగదు. ఏ దుమ్ము, ఎప్పుడు, ఎటు నుంచి అని చూసుకోవాలి.

దుమ్ములో పెద్ద రేణువులు, చిన్న రేణువులు వేరు వేరుగా ప్రవర్తిస్తాయి. కదలని గాలిలో పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు మూడు మీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి సుమారు పదహారు నిమిషాలు పడుతుంది. రెండున్నర మైక్రాన్ల రేణువుకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. లారీ లేపే మన్ను, చాక్‌పీస్ పొడి ఎక్కువగా మొదటి రకం, అవి పడిపోతాయి, ముక్కు కొంత అడ్డుకుంటుంది. పొగ రెండో రకం, అది పడదు, ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. పీఎం 2.5కు, అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులకు, మన దేశం 2009లో పెట్టిన 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15 మాత్రమే. పిల్లలు తమ బరువుతో పోల్చితే పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు కాబట్టి నేను రెండో అంకెనే దృష్టిలో పెట్టుకుంటాను.

ఈ లెక్క తెలిశాక మేము మొదట మార్చినది చీపురు వేళ. మా బడిలో ప్రార్థనకు పావుగంట ముందు గదులు ఊడ్చేవారు, అంటే లేచిన దుమ్మంతా సరిగ్గా పిల్లలు కూర్చునే సమయానికి గాలిలో తేలుతూ ఉండేది. ఇప్పుడు సాయంత్రం బడి వదిలాక ఊడ్చి, ఉదయం తడిబట్టతో బల్లలూ నేలా తుడుస్తున్నారు. మా స్కావెంజర్ అక్కకు పని పెరగకుండా తుడిచే పనిని తరగతికి ఇద్దరు పిల్లల చొప్పున వంతులు వేసుకొని పంచుకున్నారు. పది రోజుల్లో తుమ్ములు తగ్గిన తేడా మాకే కనిపించింది. నల్లబల్లను కూడా పిరియడ్ మధ్యలో డస్టర్‌తో కాకుండా తడి గుడ్డతో తుడుస్తున్నాము, డస్టర్లను గోడకు కొట్టడం పూర్తిగా మాన్పించాము.

రెండోది కిటికీల వేళ. గనిలో బ్లాస్టింగ్ జరిగే సమయం మాకు తెలుసు. దానికి ముందు అటు వైపు కిటికీలు మూసి, అర్ధగంట తర్వాత తెరుస్తాము, ఎదుటి వైపువి మాత్రం రోజంతా తెరిచే ఉంటాయి. మేడం గారూ, మీ రోడ్డు దగ్గర కూడా లారీలు ఏ వేళలో ఎక్కువో ఒక వారం రాసిపెట్టుకోండి. రోజంతా ఒకే తీరుగా ఉండదు. కిటికీ తెరవలేని పిరియడ్ తర్వాత అయిదు నిమిషాలు నాలుగూ బార్లా తెరిచి పిల్లలను బయటికి పంపితే గది మళ్లీ తేరుకుంటుంది. మీ ఇంటర్వెల్‌లో అంకె 1,700కే ఆగిపోవడానికి కారణం మూసిన గదిని మూసినట్లే వదిలి వెళ్లడమే.

వరి కోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చే రోజులు మాత్రం వేరు. వానకాలం పంట కోశాక, నవంబరులో సాయంత్రం పొగ నేలకు దగ్గరగా నిలిచిపోతుంది, పదో తరగతి ప్రత్యేక తరగతులు సరిగ్గా ఆ సమయంలోనే నడుస్తాయి. ఆ రోజుల్లో కిటికీలు మూయక తప్పదు. మేము 2020లో అమెరికాలో కోర్సీ, రోజెంథాల్ అనే ఇద్దరు రూపొందించిన డబ్బా వడపోత యంత్రాన్ని చూసి, ఎగ్జాస్ట్ ఫ్యానుకు చుట్టూ వడపోత పలకలు బిగించి ఒకటి తయారు చేశాము. సన్నని దుమ్మును, పొగను అది బాగానే పడుతుంది. కానీ అది కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు, కొత్త గాలిని తేదు, కాబట్టి పొగ లేని రోజున కిటికీకి బదులుగా దాన్ని వాడకూడదు.


జవాబు 4
రాసినవారు: గురుకులం టీచర్, ములుగు జిల్లా

పగటి బడుల గురించి అందరూ రాశారు, వసతి బడుల సంగతి కూడా ఇందులో చేర్చమని కోరుతున్నాను. మా దగ్గర కొన్ని గదులు పగలు తరగతులు, రాత్రి పడక గదులు. అదే గదిలో పిల్లలు దాదాపు ఇరవై గంటలు గడుపుతారు, వాళ్ల పెట్టెలు, పరుపులు, ఆరని బట్టలు అన్నీ అక్కడే ఉంటాయి. చలికి రాత్రి కిటికీలు బిగించి, దోమలకు కాయిల్ వెలిగిస్తారు. ఒక్క దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని రేణువుల బరువు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అంతకు ముందు రాత్రి ఆ కాయిల్‌ను స్వయంగా నేనే వెలిగించాను.

మేము కాయిళ్లు పూర్తిగా మాన్పించి దోమతెరలు కట్టించాము. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం రోజున వాళ్లకు కూడా చెప్పి, ఇంటి నుంచి కాయిళ్లు పంపవద్దని బతిమాలాము. తడి బట్టలకు వరండాలో తీగలు కట్టాము. పై వెంటిలేటర్లు రాత్రంతా తెరిచే ఉంటాయి. పొద్దున లేవగానే తలనొప్పి అని వచ్చే ఆడపిల్లలు ఇప్పుడు అంతగా రావడం లేదు.


మళ్లీ ప్రశ్న వేసినవారు: జీవశాస్త్రం టీచర్, హనుమకొండ జిల్లా

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాలుగా మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేసి చూస్తున్నాను.

పరికరాన్ని వేపచెట్టు కింద పెడితే 430 చూపింది. అక్కడే మూడు రోజులు మూడో పిరియడ్ చెప్పాను. డాక్టర్ గారు ఊహించినట్లే చాలామంది పిల్లలు గదిలో కంటే ఎంతో చురుగ్గా ఉన్నారు, నలుగురు ఆడపిల్లలు మాత్రం అక్కడ కూడా నీరసంగానే కూర్చున్నారు. వాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపితే ముగ్గురికి రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది, ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు. గాలి గురించి మొదలుపెట్టిన ఈ వెతుకులాట లేకపోతే నేను ఆ పిల్లలను ఇంకా బద్ధకస్తులనే అనుకుంటూ ఉండేదాన్ని. ఆ తలపు నన్ను చాలా బాధిస్తోంది.

వరండా వైపు రెండు కిటికీలు, రోడ్డు వైపు ఒకటి తెరిచి ఉంచితే మూడో పిరియడ్‌లో కూడా 1,000కి కొంచెం అటూ ఇటూ ఉంటోంది. పిల్లల చూపు బయటికి పోతుందన్న సార్లకు ఈ అంకె చూపించాను, బల్లలను కొంచెం తిప్పి వేసుకున్నాము. ఊడ్చే వేళ మార్చాము. ప్రతి పిరియడ్ చివర అంకెను చదివి గోడ పట్టికలో రాసే బాధ్యత తొమ్మిదో తరగతి పిల్లలే తీసుకున్నారు. 1,500 దాటితే "టీచర్, కిటికీ" అని వాళ్లే గుర్తు చేస్తున్నారు. మధ్యాహ్న భోజనం వండే చోట కట్టెల పొగ ఏడో తరగతి గదిలోకి పోతోందని కూడా ఈ పట్టికతోనే గమనించాము, వంట చేసే అక్కలే పొయ్యిని గాలి వాలుకు అటు వైపు మార్చారు. వాళ్లు రోజూ ఆ పొగలోనే నిలబడుతున్నారు కాబట్టి గ్యాసు పొయ్యి కోసం కూడా అడుగుతున్నాము.

ఒక చిక్కు మిగిలింది. తొమ్మిదో తరగతి బీ సెక్షన్ గదికి ఒక్క వైపే కిటికీలు ఉన్నాయి, వెనుక గోడకు ఆనుకొని స్టోరు గది ఉంది. అందులో 38 మంది. కిటికీలన్నీ తెరిచినా 1,900 కంటే దిగడం లేదు. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే సరిపోతుందా? ఇంజనీరు గారు దయచేసి చెప్పండి.


జవాబు 5
రాసినవారు: విశ్రాంత ఇంజనీరు, వరంగల్

పెట్టవచ్చు, కానీ స్థలం చూసి పెట్టాలి. గది కొలతలు ఏ సెక్షన్ గది లాంటివే అనుకుంటే 38 మందికి సెకనుకు 215 లీటర్లు, అంటే గంటకు సుమారు 775 ఘనపు మీటర్ల గాలి పోవాలి. ఫ్యాను అట్టపెట్టె మీద అది తోసే గాలి పరిమాణం రాసి ఉంటుంది, జాలి, గోడ మందం వల్ల కొంత తగ్గుతుంది కాబట్టి గంటకు 1,100 ఘనపు మీటర్లకు తగ్గకుండా ఉన్నది తీసుకోండి. దాన్ని కిటికీల పక్కనే బిగిస్తే వచ్చిన గాలిని వచ్చినట్లే బయటికి లాగేస్తుంది, వెనుక బెంచీల వాళ్లకు ఏమీ దక్కదు. కిటికీలకు దూరంగా, పక్క గోడకు వెనుక మూలలో, స్లాబుకు అడుగు కింద బిగించండి. స్టోరు గదిలోకి తోసేలా మాత్రం పెట్టవద్దు. శబ్దం ఎక్కువగా ఉంటే సార్లు పాఠం చెప్పేటప్పుడు ఆపేస్తారు, అందుకే కొనేముందు దుకాణంలో నడిపించి వినండి.

డబ్బు విషయానికి వస్తే, వంద నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పథకంలోని సంయుక్త పాఠశాల నిధి కింద ఏడాదికి 50,000 రూపాయల వరకు వస్తుంది. ఫ్యానుకు, వెల్డ్‌మెష్‌కు తీర్మానం రాసి అందులోంచి వాడుకోవచ్చు. ఏ సెక్షన్ వెంటిలేటర్ల సంగతి మీరు చెప్పలేదు, వాటిని చూశారా?


ప్రశ్న వేసినవారు: జీవశాస్త్రం టీచర్, హనుమకొండ జిల్లా

చూశాను సార్. రంగు వేసి ఉండటం వల్ల ఇన్నేళ్లూ గోడే అనుకున్నాము. వరండా వైపు మూడు, రోడ్డు వైపు మూడు వెంటిలేటర్లకు సిమెంటు పూసి ఉంది. మా ప్రధానోపాధ్యాయులు స్వయంగా నిచ్చెన ఎక్కి తట్టి చూశారు. సంక్రాంతి సెలవుల్లో వాటిని తెరవడానికి మేస్త్రీ ఒప్పుకున్నాడు, పావురాలు రాకుండా వెల్డ్‌మెష్ కూడా ఆయనే బిగిస్తానన్నాడు. బీ సెక్షన్ ఫ్యానుకు పక్క గోడ వెనుక మూలలో గుర్తు పెట్టాము. బడి తిరిగి తెరిచిన మొదటి వారం రెండు గదుల అంకెలనూ పిరియడ్ వారీగా ఇక్కడే రాస్తాను.